సరస్సు మీద బొంత

నా చిన్నప్పుడు మేమున్న ఊరికి చలికాలంలోనే రోడ్డు ఉండేది. కెనడా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున చిన్న ఊరది. వేసవిలో పడవలు నడిచేవి, సరస్సు గడ్డకట్టాక ఐసు మీద కార్లు వచ్చేవి. మధ్యలో కొన్ని వారాలు ఏ దారీ ఉండదు. ఆ ఏడు మా నాన్న సరిగ్గా ఆ మధ్యలోనే అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. ఊరికి ఆయనొక్కరే డాక్టరు. మందులు తేవడానికి పడవెక్కి వెళ్లారు, ఈలోపు సరస్సు గడ్డకట్టడం మొదలైంది. "ఐసు గట్టిపడగానే వచ్చేస్తానమ్మా" అని ఫోన్లో అన్నారు. క్యాలెండరులో రోజూ గీత గీసే అలవాటు నాకప్పుడే పట్టుకుంది.

ఒకరోజు లేచేసరికి ఊరంతా తెల్లగా ఉంది. మొదటి మంచు! కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా పార పట్టుకుని పరిగెత్తాను. ఒడ్డున నిలబడి మంచు ఎత్తి ఐసు మీద పోయసాగాను. చల్లటిదాని మీద చల్లటిది వేస్తే త్వరగా గట్టిపడుతుందని నా లెక్క.

పక్కింటి ముసలావిడ ఆ ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి. మా అమ్మ 'మామ్మగారూ' అంటే నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా ఆ పిలుపుకు చక్కగా పలికేది.

"ఏం చేస్తున్నావే పిల్లా?"

"రోడ్డు వేస్తున్నా. మా నాన్న రావాలి."

ఆవిడ నవ్వలేదు. మా గుమ్మం ముందు రెండు బకెట్ల నీళ్లు పెట్టించింది. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదానికి మూత వేసి, దాని మీదా చుట్టూ నా చేత మంచు కుప్ప పోయించింది. మర్నాడు ఆ మంచు, మూత తీయించి, తన చేతికర్ర ఇచ్చి రెండింట్లోనూ కొట్టమంది. మూత వెయ్యని బకెట్లో కర్ర ఠంగుమని ఎగిరింది. మంచు కప్పినదాంట్లో పుటుక్కున దిగిపోయి, నీళ్లు నా ముఖాన చిమ్మాయి.

"రాత్రి మీ అమ్మ బొంత కప్పితే నీకు చలేస్తుందా?"

"లేదు, వెచ్చగా ఉంటుంది."

"మరి సరస్సుకు బొంత కప్పుతావేం? లాగెయ్యి!"

ఊళ్లోవాళ్లు గునపాలతో పొడిచి చూసి, సరేనన్నంత మేర మంచు తోయడానికి అందరం ఐసు మీదికి దిగాం. ఏటా వాళ్లు చేసే పనే అది, మాకే కొత్త. చీర మీద కోటు, కాళ్లకు నాన్న బూట్లు వేసుకుని అమ్మ కూడా మంచు తోసింది. మళ్లీ కురిస్తే మళ్లీ తోశాం. కింద నల్లగా మెరిసే ఐసు రోజురోజుకీ మందమవుతుంటే నాకు అన్నం సహించేది కాదు.

చివరికొక మధ్యాహ్నం దూరంగా హారన్ మోగింది. "నెమ్మదిగా నడపండీ!" అని అమ్మ ఒడ్డు నుంచే అరిచింది, ఎవరికీ వినపడదని తెలిసి కూడా. ట్రక్కు ఆగీ ఆగకముందే పరిగెత్తి, దిగుతున్న నాన్న కోటు పట్టుకున్నాను.

ఇప్పుడు నేనుండే ఎడ్మంటన్ నగరంలో కూడా మొదటి మంచు పడిన తేదీ ఏటా రాసుకుంటాను. మొన్న మనవడు ఐసు మీద స్కేటింగ్ నేర్చుకుంటూ పడ్డాడు. మా అమ్మాయి పట్టుకోవడానికి ఉరకబోయింది. "బొంత లాగెయ్యవే" అన్నాను. చిన్నప్పటి నుంచీ ఆ కథ విన్నదే కదా, అది నవ్వి ఆగిపోయింది. వాడు లేచి, ఒళ్లు దులుపుకుని, మా ఇద్దరినీ దాటుకుంటూ జారిపోయాడు.