జైలు కౌంటర్‌లో కొన్న జాకెట్టు ముక్క

పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన చొక్కా గుండీ కూడా తనంతట తాను కుట్టుకున్న మనిషి కాదు. నాచారంలో నాది జాకెట్లు కుట్టే దుకాణం. గుండీ ఊడిన చొక్కా నా మిషన్ మీద పడేసి డ్యూటీకి పోయేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగిన కొట్లాటలో ఒక మనిషి ప్రాణం పోయింది, అందులో ఈయనకి శిక్ష పడింది. దాని గురించి ఇంతకంటే రాయను. నేను రాయదలచుకున్నది నా కుళ్ళు గురించి.

జైల్లో ఆయనకి మగ్గం పని నేర్పారు. చెక్క చట్రానికి బట్ట బిగించి, సూదితో జరీ, పూసలు కుట్టే పని అది. నేర్పడానికి సైనిక్‌పురి నుంచి ఒక మేడం వచ్చేది. నేను ములాఖత్‌కి పోతే, అద్దానికి అవతల కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, ఉన్న కాస్త టైమూ ఆమె ముచ్చటే చెప్పేవాడు.

"మేడం మస్తు ఓపికతోని చెప్తది. నా చెయ్యి వట్టుకొని సూది దిప్పుడు నేర్పింది."

"చెయ్యి వట్టుకొనా?"

"అట్ల వట్టుకోకుంటె రాదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు అద్దం, ఆమెకి చెయ్యి! ఇంటి సంగతి అడగడం మానేశాడు. నేనెలా ఉన్నానో అడగలేదు. ఈ మనిషి బయటికొచ్చే నాటికి నేను గుర్తుంటానా అని భయం పట్టుకుంది. తిరిగి వస్తూ బస్సులో దారి పొడుగునా ఆ మేడాన్ని తిట్టుకున్నాను. ఆమె ముఖం కూడా నేనెప్పుడూ చూడలేదు. తిట్టుకోవడానికి ముఖంతో పనేముంది?

ఆ మధ్య ఉప్పల్ నుంచి నా దగ్గర ఎప్పుడూ కుట్టించుకునే ఆమె వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ పట్టు జాకెట్టు ముక్క తీసింది. ఇంకా కత్తిరించని బట్ట, దాని మీద వీపుకీ చేతులకీ జరీ పని. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"ఏడ జేపిచ్చినవమ్మా?"

"చేపిచ్చుడేంది అక్కా, జైలోళ్ల కౌంటర్ల కొన్న. ఖైదీలు కుట్టిన్రంట. మా మరిది పెండ్లికి ఏస్కుంట, జర జల్ది కుట్టియ్యి."

మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడని నేను అందరికీ చెప్పుకున్నాను, ఆమెకి కూడా. అందుకే ఏమీ అడగలేకపోయాను. అది ఆయన చేసిందో కాదో తెలియదు, అయినా కడుపు రగిలిపోయింది. జైల్లో చేసిన వస్తువేదీ ఇంటి వాళ్ళకి ఇవ్వనివ్వరు. నాకు ఒక్క దారప్పోగు అందలేదు గానీ ఈమె వీపు మీద ఊరేగడానికి మాత్రం వచ్చేసింది!

ఆమె వెళ్ళాక బల్ల మీద పరిచి టేపు పెట్టాను. ఇలా అమ్మే ముక్కలకి పని వెడల్పుగా చేస్తారు, ఎంత లావు మనిషికైనా సరిపోవాలని. ఇది అలా లేదు, ఎవరో ఒకామెకి కొలిచి చేసినట్టు ఉంది. పైగా రెండు చేతులూ సమానంగా లేవు. కుడిచేతి అంచు అర అంగుళం ఎక్కువ. ఆ మేడం శిష్యుల పనితనం ఇంతేనా అని, దాచడమెందుకు, సంతోషించాను.

అనుమానంతో మళ్ళీ కొలిచాను. ఈసారి నా జాకెట్టు ఒకటి తెచ్చి పక్కన పరిచాను.

ఇన్నేళ్లు కత్తెర పట్టీ పట్టీ నా కుడి దండచెయ్యి ఎడమదానికంటే లావైంది. నా జాకెట్లకి ఆ తేడా పెట్టుకుంటాను. మన దండ మనం ఒంటిచేత్తో కొలుచుకోలేం కదా, టేపు ఎప్పుడూ ఆయనే పట్టేవాడు. "కుడిది జర బలిసింది" అని నవ్వేవాడు. ఆ అర అంగుళం నాది. మెడ లోతు నాది. భుజం నాది.

ఉప్పల్ ఆమెకి ఆ కొలత బిగుతు. చంకల కింద వేరే బట్ట కలిపి ఎలాగో సరిచేశాను. ఇచ్చేటప్పుడు చెయ్యి రాలేదు.

తర్వాతి ములాఖత్‌లో ఆయన మేడం ముచ్చట మొదలుపెట్టకముందే అడిగాను.

"ఆకుపచ్చ పట్టు ముక్క నువ్వే జేసినవా? ఎవరి కొలత వెట్టినవ్?"

ఆయన తల దించుకున్నాడు.

"పెద్ద సైజు గియ్యుమని మేడం రోజు కోప్పడ్తది. నాకు చెయ్యి పోదు. నాకు యాదికున్నది ఒక్కటే కొలత. మొదట్నుంచి అన్ని ముక్కలు దాని మీదనే గీస్తున్న."

"అన్నీనా?"

"అన్ని."

ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు నా కొలతలో ఇరుక్కుని ఊపిరాడక తిరుగుతున్నారో! ఎంతమంది టైలర్లు ఈయన్ని తిట్టుకుంటున్నారో! కుట్టుపని తెలిసినదాన్ని, పెద్ద సైజు నేర్చుకొమ్మని నేనే చెప్పాలి.

"మేడం కోప్పడితె కోప్పడనియ్యి," అన్నాను ఫోన్లో. "నువ్వు మాత్రం నా కొలత ఇడిసిపెట్టకు."