స్వస్థత పొందానని ముందే చెప్పిన సాక్ష్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పనిచేసేదాన్ని. ఆ రోజు ఒకావిడకు పట్టుచీరలు పరిచి చూపిస్తుంటే దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగదే! కౌంటర్ పట్టుకొని వంగిపోయాను. ఆవిడ చేతిసంచి వెనక్కి లాక్కుని పక్క సేల్స్‌గర్ల్ దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది గానీ, రుమాలు తీసి చూసుకుంటే రక్తపు చార ఉంది.

అప్పటికే నెల రోజులుగా సాయంత్రమైతే జ్వరం. మెడికల్ షాపు సిరప్పులతో నెట్టుకొస్తున్నాను. ఎల్బీనగర్ వైపు ఒక దవాఖానలో కఫం పరీక్ష, ఎక్స్‌రే చేశారు. "టీబీ అమ్మా. భయపడకు, తగ్గుతుంది. ఆరు నెలల కోర్సు, ఒక్క రోజు కూడా మానకూడదు" అంది డాక్టరమ్మ. తగ్గుతుందన్నది విన్నాను. మానకూడదన్నది చెవికెక్కలేదు.

మా ఆయన లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. ఇంట్లో ఉండేది నేను, ఎనిమిదేళ్ల పాప కీర్తన, మా అత్తమ్మ. అత్తమ్మ మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోతుంది, నేను ఆదివారం సరూర్‌నగర్‌లో ప్రార్థన మందిరానికి పోతాను. ఆ విషయంలో మాకెప్పుడూ పేచీ లేదు.

రెండు నెలలు మాత్రలు వేసుకున్నాక దగ్గు పోయింది, జ్వరం పోయింది, జాకెట్లు బిగుతయ్యాయి. మా మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రభువు ఎవరికి మేలు చేశాడో వాళ్లు లేచి చెబుతారు. నేనూ లేచాను. ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని, నాలో ఇక ఏ రోగమూ లేదని చెప్పాను. హల్లెలూయ అంటూ మందిరం దద్దరిల్లింది. మాత్రల ఊసే ఎత్తలేదు. ఎత్తితే సాక్ష్యం చిన్నబోతుందనిపించింది, ఏం చెప్పమంటారు!

ఆ తర్వాత జబ్బుపడ్డవాళ్లు నాతో ప్రార్థన చేయించుకోవడానికి రాసాగారు. నాకూ బాగానే ఉండేది. ఒకరోజు మా ఇంట్లో ప్రార్థన కూడికకు వచ్చిన ఒక అక్క, షెల్ఫులో మాత్రలు చూసి "ఇంకా ఇవెందుకు సిస్టర్?" అని అడిగింది. మర్నాటి నుంచి మానేశాను. దాన్ని విశ్వాసమని పిలుచుకున్నాను. విశ్వాసం కాదు, పాడు కాదు. నలుగురిలో నా మాట పోతుందన్న భయం.

మూడు నెలలు తిరక్కుండా జ్వరం మళ్లీ వచ్చింది. మందిరంలో దగ్గొస్తే పాట మధ్యలో బయటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఇంటికొచ్చి మోకాళ్ల మీద పడి, నా సాక్ష్యం కోసమైనా నన్ను బాగుచేయమని ప్రభువును బతిమాలేదాన్ని. పక్కలో పడుకున్న పాప కోసం కాదు చూడండి, సాక్ష్యం కోసం! తల్చుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

చివరికి పట్టుకుంది అత్తమ్మే. బాత్‌రూంలో రక్తం కక్కుతుంటే వచ్చి వీపు నిమిరింది. మాత్రలు మానేశానని అప్పుడు ఒప్పుకున్నాను.

"నీ దేవుడు గోలీలు ఏస్కోవద్దని జెప్పిండా?" అంది.

లేదన్నాను.

"మరి ఆయన మీదెందుకు వెడ్తున్నవే? నడువు దవాఖానకు."

డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేయించి రిపోర్టులు చూసింది. "మధ్యలో ఆపేశావు కదా. రెసిస్టెన్స్ వచ్చింది, ఎం.డి.ఆర్. టీబీ. పాత మందులు ఇక పనిచేయవు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అంది. పాప నా పక్కలోనే పడుకుంటుందని చెప్పాను. రేపే తీసుకురమ్మంది.

పాపను ఎక్స్‌రే గదిలోకి పంపి బెంచీ మీద కూర్చుంటే ప్రార్థన కూడా రాలేదు. నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్ అన్నదొక్కటే వచ్చింది. ఎక్స్‌రే క్లియర్ అన్నారు. కానీ రెండేళ్లు ఫాలో-అప్‌కు తీసుకురావాలన్నారు. ఆ రెండేళ్లు ఇంకా పూర్తికాలేదు. ఇప్పటికీ అది తుమ్మితే నా గుండె జారిపోతుంది.

కొత్త మందులతో ఒళ్లు నల్లబడింది, అరికాళ్లు మంటలు, వాంతులు. ఆ మందులు గుండెకు పడుతున్నాయో లేదోనని మాటిమాటికీ ఈసీజీ. షాపులో పని పోయింది. పాప నానమ్మ దగ్గర వేరే గదిలో పడుకునేది. "అమ్మా, రేపు నీ దగ్గరికి రానా?" అని తలుపు అవతలి నుంచి అడిగేది. చావే నయమనుకున్న రోజులు ఎన్నో. దేవుడు నన్ను విడిచిపెట్టాడని అనుకోలేదు, ఆయనకు ముఖం చూపించలేకపోయాను. ఒక పొద్దున ఆ మాత్రలన్నీ అరచేతిలో పోసుకుని చూస్తే ఏడుపొచ్చింది. అంత అబద్ధం చెప్పినదానికి మళ్లీ మందు దొరకడం కనికరం కాక మరేమిటి?

కఫంలో ఇక క్రిములు లేవని కల్చర్ రిపోర్టులు వచ్చి, జనంలోకి వెళ్లొచ్చని డాక్టరమ్మ చెప్పాక, పాస్టరు గారిని కలిసి నా సాక్ష్యం దిద్దుకోవాలన్నాను. ఆయన గుంటూరు వైపు మనిషి, మెత్తనివారు.

"కోర్సు పూర్తయ్యాక చెబుదువుగానీ లేమ్మా" అన్నారు.

"ఈలోగా ఎవరైనా నా పాత మాట నమ్మి కూర్చుంటే ఎట్ల అయ్యగారూ?" అన్నాను. ఇక ఆయన అడ్డు చెప్పలేదు.

ఆదివారం మాస్కుతోనే లేచాను. పూర్తిగా తగ్గిందన్నది అబద్ధమని, మందులు మానేశానని, కన్నబిడ్డ ప్రాణం మీదికి తెచ్చానని చెప్పాను. ఒక్కరూ హల్లెలూయ అనలేదు.

కూడిక అయ్యాక రత్నమ్మక్క నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చింది. మూసారాంబాగ్‌లో కూరగాయలమ్ముతుంది, అరవై ఏళ్లుంటాయి. కుచ్చిళ్లు కాస్త ఎత్తి పాదం చూపించింది. పాతగుడ్డ చుట్టి ఉంది, చీము వాసన.

"నీ సాక్ష్యం ఇన్నంక నేను గూడ షుగర్ గోలీలు బంద్ జేసిన బిడ్డా" అంది.

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడే దవాఖానకు తీసుకుపోయాను. రెండు వేళ్లు తీసేశారు, పాదం మిగిలింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, గోలీలు వేసుకుందా లేదా అని అడుగుతాను. ఆమె కూడా నన్ను అదే అడుగుతుంది. ఆ తర్వాతే ఇద్దరం కలిసి ప్రార్థన. నా కోర్సు ఇంకా ఐదు నెలలుంది.

మీకు తగ్గిందనిపిస్తే ప్రభువుకు స్తోత్రం చెప్పండి, నలుగురిలో లేచి మరీ చెప్పండి. కానీ ఏ మందు వాడుతున్నారో, ఇంకెన్నాళ్లు వాడాలో, అది కూడా అదే నోటితో చెప్పండి. మీ మాట నమ్మే రత్నమ్మక్క ఒకామె వెనక వరుసలో కూర్చుని ఉంటుంది.