కేశవయ్య మచ్చు

ఆలూరులో కిరాణా కొట్టు నడిపే కేశవయ్య మచ్చు చూడనిదే ఏ వస్తువునూ నమ్మడు. కందిపప్పు బస్తా దిగితే నాలుగు గింజలు కొరుకుతాడు, బెల్లం దిమ్మ వస్తే అంచు గిల్లి నోట్లో వేసుకుంటాడు. అంతవరకూ వ్యాపారం అనుకోవచ్చు. కొడుకు పెళ్లిచూపులకు వెళ్లి, పెళ్లికూతురి కంటే ముందు వంటింట్లో దూరి కేసరి మచ్చు చూసిన మనిషిని ఏమనాలి? సుప్రజ ఏమీ అనలేకపోయింది, ఎందుకంటే ఆ పెళ్లికూతురు ఆమే.

సుప్రజ కూతురు హర్షిణికి ఏడేళ్లు. వంశపారంపర్యంగా వచ్చే అరుదైన జబ్బు వల్ల పుట్టినప్పటి నుంచీ చేప పొలుసుల్లాంటి చర్మం. చెమట పట్టక, ఎండాకాలమంతా పిల్ల అల్లాడిపోయేది. కర్నూలు డాక్టరమ్మ వారానికొక విటమిన్ మాత్ర రాసి, అందరికీ పనిచేయదని, మూడు నెలలు ఒక్క వారమూ తప్పకుండా వేసి చూద్దామని చెప్పింది.

మొదటి ఆదివారం హర్షిణి మాత్ర ఉమ్మేసి ఏడ్చింది. అంతే, కేశవయ్య మాత్రల షీటు లాక్కున్నాడు. ఒక మాత్ర నొక్కి, గుటుక్కుమనిపించి, మొహం వంకరలు తిప్పి, "సరుకు మంచిదే" అని తేల్చాడు. ప్రతి ఆదివారం ఇదే తంతు. పిల్ల ఆ తర్వాత నవ్వుతూ తన మాత్ర మింగేది గానీ, సుప్రజ కళ్లు మామగారి నోటి మీదే ఉండేవి. ఎక్కువైతే కిడ్నీలు పోతాయని మొత్తుకుంది.

"మచ్చు చూసి సచ్చినోళ్లు యాడన్నా ఉండారా అమ్మా?" అన్నాడాయన.

ఇంత మొండి మనిషిని ఏ దేవుడు తన నెత్తిన పెట్టాడో అని ఆమె విసుక్కోని రోజు లేదు.

మూడు నెలలకు హర్షిణి మోచేతులు మెత్తబడ్డాయి. డాక్టరమ్మ సంతోషపడుతుండగానే సుప్రజ మామగారి మీద ఫిర్యాదు చేసింది. ఆవిడ కంగారుపడి ఆయన రక్తం తీయించింది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. కేశవయ్య ఒంట్లో ఆ విటమిన్ ఎక్కువ కాదు, ఉండాల్సినంత కూడా లేదు.

సుప్రజ ఆయన వైపు తిరిగింది. ఆయన తలొంచుకుని జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో పన్నెండు మాత్రలూ భద్రంగా ఉన్నాయి.

"మరి మింగిందేంది మామా?"

"జేబులో ఉండే శనగబద్ద. పిల్ల ఒకతే మందు మింగితే జబ్బుదాన్ననుకుంటాదమ్మా. తాత మచ్చు చూస్తే, అదీ ఇంటి సరుకే గదా."

డాక్టరమ్మ నవ్వి ఆయనకూ వారానికొక మాత్ర రాసింది. ఆదివారం నిజం మాత్ర చేతికి రాగానే కేశవయ్య పళ్లు బిగించుకున్నాడు.

సుప్రజ వంటింట్లోకి వెళ్లి ఒక శనగబద్ద నోట్లో వేసుకుని వచ్చింది. మొహం వంకరలు తిప్పింది.

"సరుకు మంచిదే మామా," అంది.