టీవీలో ఎవరూ అనని మాట

నలభై ఏళ్లు కావస్తోంది. ఇద్దరు మనుషులకు చెప్పవలసిన మాట ఒకటి నా గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఏడుస్తూ చెబుతున్నానని మాత్రం అనుకోకండి. నా చిక్కే అది. ఈ తప్పు తలపుకొచ్చినప్పుడల్లా దాని వెంటే నా జీవితంలోకెల్లా గొప్ప రోజు కూడా తలపుకొస్తుంది. సిగ్గుపడాలో సంబరపడాలో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

మాది గురజాల పక్క పల్లె. నన్ను పెంచింది మా పెదనాన్న. మిరప రైతు. గురజాల బజార్లో బట్టల కొట్టున్న కరీముల్లా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నాకాయన కరీముల్లా మామ. ఆయన కూతురు జైబూన్ నడక నేర్చుకున్నది మా వాకిట్లోనే. ఆ పిల్ల పెళ్లి కుదిరినప్పుడు, కరీముల్లాకు తెలియకూడదని పెదనాన్న చిలకలూరిపేట దాకా వెళ్లి పట్టుచీర కొని బీరువాలో దాచాడు.

పెళ్లికొడుకు నాయనమ్మకు జబ్బు ముదిరి నిఖా నాలుగు రోజులు ముందుకు జరిగింది. టైపు నేర్చుకోవడానికి నేను రోజూ గురజాల వెళ్లేవాణ్ణి. ఆ మధ్యాహ్నం కరీముల్లా మామ నన్ను కొట్లోకి పిలిచాడు. రేపు పొద్దున్నే నిఖా అనీ, పెదనాన్నకు వెంటనే చెప్పమనీ, ఆయన లేకుండా జరిగే పని కాదనీ అన్నాడు. సరేనన్నాను. అక్కణ్ణుంచి ఇంటికి వెళ్లలేదు. స్నేహితులతో కలిసి మాచర్లలో సినిమాకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెదనాన్న మిరప కళ్లానికి కాపలాకు వెళ్లిపోయాడు. నేను నిద్ర లేచేసరికి అక్కడ నిఖా అయిపోయింది.

ఆ సంగతి ఊళ్లో వాళ్ల నోట విని పెదనాన్న బీరువాకు తాళం వేశాడు. వారం తర్వాత కరీముల్లా మామ బజార్లో నన్ను ఆపి, చెప్పావా అని అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా? చెప్పానన్నాను. అంతటితో ఆగానా? "చూద్దాంలే అన్నాడు మామా" అని కూడా కలిపాను. ఆయన ముఖం వాడిపోవడం నా కళ్లతో చూశాను.

రెండేళ్లు. ఎదురుపడితే ఒకరు సందులోకి తిరిగేవారు. తనను పిలవలేదని ఒకరి బాధ, పిలిచినా రాలేదని రెండోవారి బాధ. ఎవరూ పైకి అనరు. మధ్యలో నేను హాయిగా రెండు పూటలా తిని తిరిగాను.

ఆ తర్వాత మా ఇంటికి టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున ఒక హిందీ నవ్వుల సీరియల్ వచ్చేది. పట్నంలో ఒకే గదిలో అద్దెకుండే నలుగురు స్నేహితుల కథ. వీధి వీధంతా మా వసారాలో కూర్చునేది. హిందీ పరీక్షలు రెండు పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. నిజానికి సగమే అర్థమయ్యేది. మిగతా సగం కల్పించేవాణ్ణి. జనం పడీ పడీ నవ్వేవాళ్లు.

ఒక ఆదివారం కథలో ఆ నలుగురిలో ఒకణ్ణి తక్కినవాళ్లు విందుకు పిలవలేదు. వాడు అలిగి ట్రంకుపెట్టె సర్దుకుని పోయాడు. మిగిలినవాళ్లు ఇక గదిలో కాళ్లు బారజాపుకోవచ్చని వేళాకోళమాడారు. వేరే గది దొరక్క వాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. అంతే కథ. అందరూ నవ్వుతున్నారు. పెదనాన్న ఒక్కడే నవ్వడం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆ ట్రంకుపెట్టె వాడినే చూస్తున్నాడు.

ఆ చూపు నేను భరించలేకపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పిలిచారంట పెదనాన్నా. ఇతన్ని పిల్చుకురమ్మని ఒకణ్ణి పంపారంట. ఆ పోయినోడు చెప్పటం మర్చిపోయాడంట. వీళ్లిద్దరిలో ఎవురి తప్పూ లేదంట."

టీవీలో ఎవరూ ఆ మాట అనలేదు.

పెదనాన్న నావైపు తిరిగాడు. "ఆ మర్చిపోయినోడు ఎవుర్రా?"

"వాణ్ణి చూపించలా పెదనాన్నా."

 ఆయన లేచాడు. బీరువా తాళం తీసి చీర పొట్లం చంకన పెట్టుకున్నాడు. "సైకిల్ తియ్యరా" అన్నాడు.

ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని గురజాల దాకా తొక్కాను. అంత వేగంగా నేను మళ్లీ ఎప్పుడూ సైకిల్ తొక్కలేదు. దొరికిపోతానన్న భయం ఉంది, కానీ దాన్ని మించిన ఆనందం నన్ను తోసుకుపోయింది. కరీముల్లా మామ గుడ్డ కొలుస్తున్నాడు. పెదనాన్న గడప దగ్గరే నిలబడి, "నాకు కబురు అందలా బావా. అందితే రాకుండా ఉంటానా?" అన్నాడు.

మామ చేతిలో గజం బద్ద ఆగిపోయింది. ఆయన ముందు పెదనాన్నను చూడలేదు. నన్ను చూశాడు. ఆయనకంతా తెలిసిపోయింది. నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, ఇక అయిపోయింది అనుకున్నాను.

"పెళ్లి హడావుడిలో ఎవురికి చెప్పి పంపానో నాకే గుర్తులేదు బావా," అన్నాడాయన. "నేనే రావాల్సింది. తప్పు నాది."

తప్పు నాది! నా తప్పును నా ముందే తన నెత్తిన వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ భుజాల మీద చేతులేసుకుని బజారు పొడుగునా నడిచారు. దుకాణాల వాళ్లు బయటికొచ్చి చూశారు. ఎవరో ఈల వేశారు. జైబూన్ పుట్టింట్లోనే ఉంది, ఏడాది బిడ్డతో. ఆ చీర ఒళ్లో పెట్టుకుని, "ఇన్నాళ్లూ ఏడబోయావు మావా?" అని పెదనాన్నను కొట్టినంత పని చేసింది. అందరం ఒకే చాప మీద కూర్చుని భోంచేశాం. వాళ్ల నవ్వులు వింటుంటే నా ఛాతీ ఉప్పొంగింది. రెండేళ్ల కిందట నేను పడగొట్టినదాన్ని ఒక్క మాటతో నేనే నిలబెట్టాను. ఇది గెలుపు కాకపోతే మరేమిటి?

మరుసటి ఆదివారం కరీముల్లా మామ మా వసారాలో ముందు వరసలో కూర్చున్నాడు. ఉర్దూ ఆయన ఇంటిభాష, హిందీ ఇట్టే అర్థమయ్యేది. ఐదు నిమిషాలు విన్నాడు. "ఏందిరా, వాళ్లనేది ఒకటి, నువ్వు చెప్పేది ఇంకోటి!" అన్నాడు. వసారా అంతా గొల్లుమంది. అప్పట్నుంచి కథ చెప్పే పని ఆయనదే. ఆ నిఖా కబురు గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయనా పెదనాన్నా చివరిదాకా విడిపోలేదు. పెదనాన్న పోయినప్పుడు కరీముల్లా మామ పాడె వెంట నడిచాడు. ఆయన పోయినప్పుడు నేను మట్టి వేశాను. ఆ రోజైనా గోరీ దగ్గర నోరు విప్పుదామనుకున్నాను. చేతి మట్టి దులుపుకుని వచ్చేశాను.

జైబూన్ ఉంది. ఆమెకు చెప్పవచ్చు. చెబితే ఆ చీర విలువ ఏమైపోతుందోనని ఆగుతున్నాను. లేక నా విలువ గురించేనా?

ఒక్కటి మిగిలింది. ఇందాకటి నుంచీ మీ దగ్గర కూడా దాస్తున్నాను. ఆ పిలుపు నేను మర్చిపోలేదు. గురజాల బస్టాండులో మాచర్ల బస్సు మెట్టు మీద కాలు పెట్టినప్పుడు గుర్తొచ్చింది. బాగా గుర్తొచ్చింది. బస్సు కదులుతోంది. స్నేహితులు లోపలి నుంచి కేకేస్తున్నారు. దిగితే ఇంటికి వెళ్లి చెప్పి రావచ్చు. నేను బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

ఇదిగో, చెప్పాను. నన్ను క్షమించమని అడగను, ఆ హక్కున్నవాళ్లు లేరు. కానీ ఇన్నేళ్లకు ఒక్క ముక్క కల్పించకుండా ఒక కథ చెప్పగలిగాను.