డీజిలు పడ్డ నుయ్యి

నేను కాట్రేనికోన దగ్గర మా అత్తవారి ఊరికి కాపురానికి వెళ్లేనాటికే అక్కడి వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. మావారు గల్ఫ్‌లో ఉండేవారు. చెరువులు చినమామగారు చూసేవారు. జనరేటర్లకు కావలసిన డీజిలు నిలవ ఉంచడానికి మా పెరట్లోనే ఇనప ట్యాంకు ఒకటి పాతించారు. నేను రోజూ బస్సెక్కి అమలాపురం వెళ్లి కాలేజీలో జియాలజీ పాఠాలు చెప్పి వచ్చేదాన్ని.

ఒక ఎండాకాలం ఉదయం అత్తగారు నూతిలోంచి చేద లాగి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇలా వచ్చి వాసన చూడు."

నీళ్లమీద రంగుల పొర తేలుతోంది. ట్యాంకు తుప్పుపట్టి కారుతోందని వెంటనే అర్థమైంది.

చినమామగారు వచ్చి చూసి, "నుయ్యి పూడ్చేద్దామండీ వదినగారూ. పంచాయతీ కుళాయి ఉందిగా" అన్నారు.

"నే కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ తాగుతున్న నీళ్లు. పూడ్చనివ్వను" అన్నారు అత్తగారు.

"అయితే పొక్లెయిను తెప్పించి పెరడంతా తవ్విస్తాను."

అప్పుడు నేను కల్పించుకున్నాను. పెరడంతా తవ్వితే కాపు మీదున్న కొబ్బరిచెట్లు పోతాయి. తవ్విన ఇసక కాలువ గట్టున పోస్తే ఆ డీజిలు కాలువలోకి పోతుంది. "ట్యాంకు తీయించండి. దానికింద డీజిలు ఓడుతున్న ఇసక తీయించండి. మిగతాదాన్ని నేలలో ఉన్న సూక్ష్మజీవులు తినేస్తాయి. మనం కనిపెట్టి ఉంటే చాలండీ" అన్నాను.

"ఊరికే చూస్తూ కూర్చోమంటావా అమ్మా?"

"ఊరికే కూర్చోంలెండి. నీళ్లు పరీక్ష చేయిస్తూ ఉంటాం. డీజిలు పక్కింటి వైపు జరిగిందంటే మీ పొక్లెయినుని నేనే పిలుస్తాను."

ఆ పక్కింటివారు వేదం చెప్పుకునే కుటుంబం. వాళ్ల దేవతార్చనకు నూతి నీళ్లే కావాలి, కుళాయి నీళ్లు పనికిరావు. మా పెరటికింద నీరు పారేది వాళ్ల వైపే. ఈ సంగతి వాళ్లకు చెప్పవద్దని చినమామగారు గట్టిగా అన్నారు. నేను ఆ సాయంత్రమే వెళ్లి, జరిగిందంతా ఆ ఇంటి పెద్దాయనకు చెప్పాను.

"మా నూతి నీళ్లు అభిషేకానికి వాడుకోవచ్చాండీ?" అని అడిగారాయన.

"ఇవాళ మీ నీళ్లలో వాసనా పొరా లేవు, వాడుకోవచ్చండి. చెడే సూచన కనిపిస్తే ముందు మీకే చెప్తాను."

"ఆయ్. అలాగేనండి" అన్నారు. నీళ్లు పరీక్షించడానికి తన పెరట్లో చేతిబోరు వేసుకోనిచ్చారు.

ట్యాంకు పైకి తీశారు. తడిసిన ఇసకను షెడ్డులో సిమెంటు నేలమీద పరిచి, సూక్ష్మజీవులు పెరగడానికి కొబ్బరిపీచు పొట్టూ పేడా కలిపి తిరగేయించాను. రెండిళ్ల మధ్యా, పక్కింట్లోనూ వేయించిన బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి, కాకినాడలో ల్యాబు నడిపే నా పాత క్లాస్‌మేట్‌కు పంపేదాన్ని.

వానలు పడగానే మొదటి కబురు చేదుగానే వచ్చింది. మా నూతికి దగ్గరి బోరులో డీజిలు పెరిగింది. నీటిమట్టం పైకొచ్చి, ఇంకా మిగిలివున్న జిడ్డు ఇసకను తాకింది కాబట్టి పెరుగుతుందని నేను అనుకుంటూనే ఉన్నాను. చినమామగారు మాత్రం పొక్లెయినువాడితో మాట్లాడి వచ్చేశారు. పక్కింటి బోరు కబురు వచ్చేదాకా ఆగమన్నాను. అందులో డీజిలు జాడ లేదు. ఆయన ఆగారు.

ఆ శీతాకాలం మధ్యబోరు నీళ్లు గ్లాసులో పోసి కాసేపు ఉంచితే ఎర్రబారాయి. అత్తగారు భయపడిపోయారు. నాకు మాత్రం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నీరు పారివచ్చే పైవైపు నూతుల్లో ఆ ఎరుపు లేదు. గాలి అందని చోట సూక్ష్మజీవులు డీజిలు తింటున్నప్పుడు ఇసకలోని ఇనుము కరిగి నీళ్లలోకి వస్తుంది. కింద పని జరుగుతోందనడానికి నాకు కంటికి కనిపించిన సాక్ష్యం అది.

ఏడాదికేడాది వాసన తగ్గింది. మా నూతి నీళ్లు ముందు గిన్నెలు తోమడానికి కూడా ముట్టుకోనివ్వలేదు. కొన్నేళ్లు గడిచి, వరసగా వచ్చిన పరీక్షలన్నీ బాగున్నాకే సరేనన్నాను. ఆ పూట అత్తగారు ఆ నీళ్లతో కాఫీ కాచి చినమామగారికి మొదటి గ్లాసు ఇచ్చారు. ఆయన వాసన చూడకుండానే తాగేశారు. ట్యాంకు ఉన్నచోట తవ్వితే ఇసక ఇంకా కంపు కొట్టేది. అందుకే అక్కడ ఎవరినీ గది కట్టనివ్వలేదు.

తర్వాత మరో చెరువు రైతు దగ్గర ఇలాగే ట్యాంకు కారింది. చినమామగారు ఉత్సాహంగా వచ్చి, "కంగారు పడకు, నేలే చూసుకుంటుందని అతనికి చెప్పేనమ్మా" అన్నారు. వెళ్లి చూశాను. ట్యాంకు పక్కనే ఊరంతా తాగే మంచినీళ్ల బోరు ఉంది.

"ఇక్కడ ఆగకూడదండీ. బోరు ఇవాళే ఆపించండి, రేపు తవ్వించండి" అన్నాను.

ఆయన బోరు ఆపించి, సైకిలెక్కి పొక్లెయినువాడి ఇంటికి బయల్దేరారు.