దేవదానం వడకట్టిన నీళ్లు

మా లాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు చెప్పే కథ ఒకటుంది. గని నీళ్ల శాంపిల్‌లో మోసం చేస్తున్న ముసలాయన్ని మేడం గుడ్డతో సహా ఎలా పట్టుకున్నారన్నది ఆ కథ. చెప్పేది మునిరత్నం. పాత బెంగళూరు తెలుగువాడు, లాబ్‌లో నాకంటే సీనియర్, ఏ కథకు ఎంత ఉప్పూకారం పడుతుందో తెలిసినవాడు. చివర్లో ప్రతిసారీ నావైపు చెయ్యి చూపిస్తాడు. ప్రతిసారీ నేను లేచి గొడవ పెట్టుకుంటాను. నోటితో చెబితే ఎవరూ వినడం లేదు కనక రాస్తున్నాను. ఆ ముసలాయన మోసం చేయలేదు. నేను ఎవరినీ పట్టుకోలేదు. ఆ రోజు పట్టుబడింది నేనే.

కరోనా తర్వాత రెండో ఏడు. యలహంక పాత ఊళ్లో, ఒక బేకరీ పైన మా లాబ్. నీళ్లు పరీక్షించి రిపోర్టు మీద సంతకం పెట్టడం నా పని. అపార్టుమెంట్ల బోర్లు, అత్తిబెలె ఫ్యాక్టరీల మురుగు, ఇలాంటివే ఎక్కువగా వచ్చేవి. ఆ ఏడు కొత్తగా, ఎప్పుడో మూతపడ్డ ఒక గని నుంచి నీళ్లు రావడం మొదలైంది.

గని నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మూసేసిన గనిలో వాననీళ్లు నిండుతాయి. రాతిలో ఉన్న గంధకానికి గాలీ నీరూ తగిలితే ఆ నీళ్లు పుల్లబడతాయి. ఆ పులుపు రాతిలోని ఇనుమును కరిగించుకుంటుంది. ఊట దగ్గర చూస్తే అద్దంలా కనిపిస్తాయి, చేప మాత్రం బతకదు. వాటిని బాగుచేయాలంటే సున్నం కలిపి పులుపు విరగ్గొట్టాలి. అప్పుడు కరిగిన ఇనుమంతా తుప్పురంగు తునకలై విడిపోతుంది. సెట్లింగ్ పాండ్ అనే పెద్ద తొట్టిలో నిలబెడితే ఆ మడ్డి అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వాగులోకి వదులుతారు. మడ్డిని ఎప్పటికప్పుడు తోడెయ్యకపోతే అదీ నీళ్లతోపాటే వాగులోకి పొర్లుతుంది. అది తేల్చడానికే టోటల్ ఐరన్ పరీక్ష. నీళ్లలో కరిగిన ఇనుమూ, తేలుతున్న ఇనుమూ కలిపి లెక్క. అందుకే శాంపిల్ తొట్టి అంచున ఎలా ఉందో అలాగే, కలకతో సహా, మా దగ్గరికి రావాలి.

తెచ్చే మనిషి దేవదానం. గని నడిచిన రోజుల్లో లోపల పనిచేసినవాడు, ఇప్పుడు ఆ శుద్ధి ప్లాంటులో పంపు చూసుకునేవాడు. పంపు హౌస్ పక్కన ఒక గది ఇచ్చారు. భార్య పోయాక ఆయనకు ఇల్లంటే అదే. ప్రతి మంగళవారం తెల్లవారుజామున రైలెక్కి, బెంగళూరులో బస్సు మారి, తెల్లచొక్కా నలగకుండా, చేతిలో ఐదు లీటర్ల క్యానుతో పదిన్నరకల్లా మా మెట్లెక్కేవాడు. చంకలో సంచి, అందులో తెలుగు బైబిలు. ప్రయాణంలో చదువుకుంటాడట.

ఆయన నీళ్లు చూస్తే నాకు ముచ్చటేసేది. తేటగా, తళతళలాడుతూ ఉండేవి. ఇనుము ఎప్పుడూ హద్దులోపలే. "చూడు మునిరత్నం, అందరూ దేవదానంలా తెస్తే నాకు బీపీ ఎందుకొస్తుంది?" అనేదాన్ని, ఆయన వినేలాగే. ఆయన తల వంచుకుని నవ్వేవాడు. అలా ఐదు నెలలు సంతకాలు పెట్టాను.

ఆరో నెలలో ఒక టీచరమ్మ వచ్చింది. గని దిగువన ఉన్న కాలనీ బడిలో పనిచేస్తుందట. సంచిలోంచి ఒక పిల్లాడి తెల్లచొక్కా తీసి నా బల్లమీద పరిచింది. పసుపునీళ్లలో ముంచినట్టుంది.

"వాగునీళ్లలో ఉతికినదండీ ఇది. ఒక్కటే కాదు, కాలనీ అంతా ఇంతే. అడిగితే ప్లాంటువాళ్లు మీ రిపోర్టు చూపిస్తా ఉండారు. మీ సంతకం ఉండాది దానిమీద."

ఆ చొక్కా చూశాక నాకు కోపం వచ్చింది. దేవదానం మీద. క్యాను ఇంకెక్కడో నింపుకొస్తున్నాడు, ఎవరో నేర్పారు అనుకున్నాను. ఇందులో నాకు అనుమానం కూడా లేదు. చదువుకున్నదాన్ని కదా!

మంగళవారం ఆయన రాగానే క్యాను పక్కన పెట్టించాను. బకెట్లో కుళాయి నీళ్లు పట్టి, తుప్పు మడ్డి కలిపి, ఖాళీ క్యాను చేతికిచ్చాను.

"ఇదే నీ తొట్టి అనుకో. అక్కడ ఎలా పడతావో ఇక్కడ పట్టి చూపించు."

ఆయన బెదరలేదు. సరేనమ్మా అన్నాడు. సంచిలోంచి నాలుగు మడతల గుడ్డ ఒకటి తీశాడు. అంచు చేత్తో కుట్టి ఉంది. దాన్ని క్యాను మూతికి బిగించి కట్టి, బకెట్ వైపు చూసి ఆగాడు.

"ఇది తేరుకోవాల కదమ్మా. నేనైతే ముందురోజు సాయంత్రమే బిందెలో పట్టి పెడతాను. పొద్దున పైనీళ్లు మాత్రం వంచుకుంటాను."

మునిరత్నం చేతిలో టీ గ్లాసు ఒలికింది. "అయ్యో, అయ్యో, ఏం పనప్పా చేసినావు!"

"ఎవరు చెప్పారు వడకట్టమని?" అని అరిచాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, గుడ్డ వైపు చూసుకున్నాడు. "ఎవురూ చెప్పలేదమ్మా. ఒకరికి నీళ్లిస్తే వడకట్టే కదా ఇచ్చేది? కలక నీళ్లు తెచ్చి మీ చేతికి ఎట్లిచ్చేది?"

ఆ గుడ్డ అందుకున్నాను. ఒకప్పుడు తెల్లదేనట, భార్య పాత చీరలోంచి కుట్టిచ్చిందట. వారంవారం సబ్బుపెట్టి ఉతికినా మడతల్లో తుప్పురంగు ఇంకిపోయి ఉంది. నేను లేదని సంతకం పెట్టిన ఇనుము నా చేతిలో ఉంది. ఒక మూల కత్తిరించుకోవచ్చా అని అడిగాను. "ఏమన్నా మేలు జరిగేదుంటే అంతా తీసుకోండమ్మా" అన్నాడు. చిన్నముక్క తీసుకుని యాసిడ్‌లో కరిగించాం. రీడింగ్ చెప్పక్కర్లేదు, ఆ చొక్కా చెప్పిందే చెప్పింది.

పరీక్ష కాగితాలు ఒకచోట పెడదామని శాంపిల్ రిజిస్టర్ తీశాను. మొదటి మంగళవారం నాటి గడిలో నా చేతిరాత: "నీరు కలకగా ఉంది. క్యాను మురికి. తెచ్చిన మనిషిని హెచ్చరించడమైనది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు క్యాను బురద నా బల్లమీది కాగితాలకు అంటింది. మురికి క్యానని ఆ శాంపిల్ పరీక్షించకుండానే వెనక్కి పంపాను. ఏమన్నానో మాటకు మాట గుర్తుంది. "ఇంత మురికి తెచ్చి నా ముందు పెడతావా? ఇంట్లో చుట్టాలకు ఇలాగే ఇస్తావా నీళ్లు?" నేనన్నది క్యాను బయటి బురద గురించి. ఆయన విన్నది నీళ్ల గురించి. రెండో మంగళవారం గడిలో రాసింది ఒకటే మాట: "శుభ్రం."

క్యాను మీద సూచనలు లేవా అంటారేమో. ఉన్నాయి. వడకట్టరాదు అని కూడా ఉంది. ఇంగ్లీషులో. రైల్లో బైబిలు చదివే మనిషి చేతికి ఆయన చదవలేని లేబుల్ అంటించి ఇచ్చాం. ఒక్కసారైనా ఆ తొట్టి దగ్గరికి పోయి చూశానా? లేదు. తేటనీళ్లు వస్తుంటే బస్సెక్కాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

విషయం తెలిసి, ఆ వారాంతంలోనే ప్లాంటు మేనేజరు దేవదానాన్ని తీసుకుని మా ఆఫీసుకు వచ్చాడు. సమస్యకు మందు వెంటే తెచ్చాడు.

"సింపుల్ మేడం. క్యారియర్ శాంపిల్‌ను ట్యాంపర్ చేశాడు అని ఒక్క లెటర్ ఇవ్వండి. ముసలాయన్ని పంపించేస్తాం, గది ఖాళీ చేయిస్తాం. మీ లాబ్ సేఫ్, మేమూ సేఫ్."

మా యజమాని కూడా తలూపాడు. దేవదానం గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపల ఆయనే అందుకున్నాడు.

"అమ్మ తప్పేమీ లేదు సార్. అమ్మ మంచిగానే చెప్పింది. నేనే ముసిలోన్ని, తెలీక చేసినాను."

నిజం చెబుతాను. ఒక్క నిమిషం ఆ మాట నాకు హాయిగా ఉంది. కాగితం, కలం ఎదురుగా ఉన్నాయి. ఆయనే ఒప్పుకున్నాడు, నాదేం పోయింది? పోయేది ఆయన గది.

రిజిస్టర్ తెచ్చి ఆ మొదటి గడి వాళ్ల ముందు తెరిచాను.

"ఏం మేడం, ఎందుకు మీ తలకెత్తుకుంటారు?" అన్నాడు మేనేజరు.

"నా సంతకం నా తలమీద కాక నీ తలమీద పెట్టుకుంటావా? ఐదు నెలల రిపోర్టులూ వెనక్కి తీసుకుంటున్నాం. కారణం: శాంపిల్ ఎలా పట్టాలో లాబ్ చెప్పలేదు. సంతకం నాది. ఇక నువ్వు చెప్పు, ఆ తొట్టిలో మడ్డి తీసి ఎన్నాళ్లయింది?"

మేనేజరు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. మా యజమాని నాతో రెండువారాలు మాట్లాడలేదు, నాకూ కాస్త విశ్రాంతి దొరికింది. మరుసటి వారం నేనే ప్లాంటుకు వెళ్లాను. తొట్టి మడ్డితో అంచుదాకా నిండి ఉంది. రిపోర్టులు బాగున్నాయి కదా, తోడడం దేనికని వదిలేశారు. ఎండాకాలం లోపల తోడించారు. తర్వాత ఆ టీచరమ్మ ఫోన్ చేసి, బట్టలు కొంచెం నయం అంది. కొంచెమే. వాగు అడుగున పేరుకున్నది అంత తొందరగా పోదు.

ఇప్పుడు మా క్యాన్లమీద తెలుగు, కన్నడ, తమిళం ఉన్నాయి. చదవలేనివాళ్లకు నేనే చేసి చూపిస్తాను. నీళ్లను పరీక్షించేముందు, తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి "ఎలా పట్టారు?" అని అడుగుతాను. పదిహేనేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న పెద్ద పరీక్ష ఇదే. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు, కాస్త నోరు తగ్గించుకుంటే చాలు.

దేవదానంగారు ఇంకా వస్తున్నారు. అవును, ఇప్పుడు 'గారు' అంటున్నాను. తొట్టిలో ఎలా ఉంటే అలా తెస్తారు. బల్లమీద పెట్టేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటారు. "ఏమనుకోవద్దమ్మా, ఇట్లే ఉండాది" అంటారు. ఆ తర్వాత సంచిలోంచి ఇంటినుంచి తెచ్చిన నీళ్ల సీసా తీసి నాకిస్తారు. "ఇవి మాత్రం వడకట్టినాను. తాగండి." ఒక మూల కత్తిరించిన ఆ గుడ్డతో కాదులెండి, వేరే గుడ్డతోనే.

ఆ నీళ్లు తాగుతూ మూడుసార్లు అడిగాను. మొదటిరోజు నేను అరిచిన మాట మీకు గుర్తుందా అని. మూడుసార్లూ "ఏ మాటమ్మా?" అని నవ్వారు. మేనేజరు ముందు అమ్మ మంచిగానే చెప్పింది అన్నది నిజంగా మరిచిపోయి అన్న మాటా, లేక గది పోయినా సరే నన్ను కాపాడాలని అన్న మాటా?