ఆయమ్మ చేమంతులకు పట్టిన పేనుబంక

ఆస్పత్రి వార్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆయమ్మ ఏ రోగి పక్క శుభ్రం చేస్తున్నా ముక్కు చిట్లించి ఎరగదు. రిటైరయ్యాక పెరట్లో చేమంతులు వేసింది. చలికాలం చివర్లో, మిగతా మొక్కలన్నీ వాడిపోయాక, అవి మొగ్గ తొడిగాయి.

ఒక ఉదయం కొమ్మ వంచి చూస్తే మొగ్గల కింద సందు లేకుండా పేనుబంక పట్టి ఉంది. ముట్టుకోగానే ఆ పురుగులు పచ్చగా చితికి వేళ్లకు జిగురులా అంటుకున్నాయి. "ఛీ ఛీ!" అంటూ ఆమె గోడవారకు పరుగెత్తి వాంతి చేసుకుంది.

నీళ్లచెంబుతో వచ్చిన కోడలికి నవ్వు ఆగలేదు. "వార్డులో అన్నీ ఎత్తిపోసిన మీకు ఇదో లెక్కా అత్తయ్యా?"

"అక్కడ మంచం మీద మనిషి నా మొహమే చూస్తుండేవాడే. నేను మూతి తిప్పితే సిగ్గుతో చచ్చిపోడూ? అందుకే అసహ్యమంతా లోపలే మింగేదాన్ని. ఈ పురుగుల దగ్గర నాకేం మొహమాటం?"

సబ్బునీళ్లు కలిపి, పాతగుడ్డతో ఒక్కో కొమ్మా తుడిచింది. తుడిచినంతసేపూ మొహం వికారంగా పెట్టి, ఉమ్ముతూ, పురుగుల్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మూడు రోజులు అదే పని. ఒక మొక్క ఎండిపోయింది, మిగతావి విరగబూశాయి.

కోడలు ఓ పువ్వు తెంపి ఇవ్వబోయింది.

"నాకొద్దు తల్లీ, నువ్వే పెట్టుకో. తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది" అని ఆయమ్మ లోపలికి వెళ్లిపోయింది.